జాజు, సున్నం, పిల్లల చేతులు

ఇల్లు కట్టడం పూర్తయ్యేసరికి చేతిలో డబ్బు కూడా అయిపోతుంది. భద్రాచలంలో 2024 మార్చి 11న మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద ప్రభుత్వం ఇచ్చే 5 లక్షలకు కొంత అప్పో, పుస్తెలతాడు కుదువ పెట్టి తెచ్చిన సొమ్మో కలిస్తేగాని స్లాబు పడని ఇళ్లు మన వైపు ఎన్నో ఉన్నాయి. ఆ తర్వాత పుట్టీ, ప్రైమర్, రంగులు అనేసరికి గుండె జారిపోతుంది. ఖమ్మంలో బంధువుల ఇంట చూసివచ్చిన మెరిసే హాలు కళ్లలోనే ఉంటుంది. మన పిల్లలు మాత్రం సిమెంటు గోడల మధ్య కూర్చుని హోంవర్కు చేసుకుంటూ ఉంటే మనసు కలుక్కుమంటుంది.

దుమ్ముగూడెం, చర్ల, బూర్గంపాడు, అశ్వారావుపేట వైపు కొత్త ఇల్లు కట్టుకున్న అమ్మానాన్నలకూ, అద్దె ఇళ్లలో, సింగరేణి క్వార్టర్లలో ఉంటున్నవాళ్లకూ నేను చెప్పదలచుకున్నది ఒకటే. గోడల కోసం మళ్లీ అప్పు చేయకండి. కొద్దిపాటి ఖర్చుతో, మీ పిల్లల చేతులతోనే ఆ ఇంటికి కళ తెప్పించవచ్చు. అందులో ఇంటికి దక్కేదానికంటే పిల్లలకు దక్కేదే ఎక్కువ.

ఈ విద్య మనకు కొత్తదేమీ కాదు. అడవి అంచు గూడేల్లో వెదురు తడికకు మట్టి మెత్తి కట్టిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. పండుగ దగ్గర పడగానే మట్టి, పేడ కలిపి అలుకుతారు. అరుగులకు, గోడల అడుగు భాగానికి జాజు పూస్తారు. ఆ ఎరుపు మీద సున్నంతోనో సుద్దతోనో తెల్లటి గీతలు, చుక్కలు, ముగ్గులు వేస్తారు. ఒకరు మట్టి కలుపుతారు, ఒకరు నీళ్లు మోస్తారు, చిన్నవాళ్లు తమకు అందినంత మేర పూస్తారు. వానలకు ఆ పూత పోతుంది, పండుగకు మళ్లీ వేసుకుంటారు. ఇంటిని ఏటా మన చేతులతో మనమే కొత్తది చేసుకోవాలని ఆ పిల్లలకు ఎవరూ ప్రత్యేకంగా బోధించనక్కర్లేదు. సిమెంటు ఇళ్లు వచ్చాక ఈ పనంతా పెయింటరుకు అప్పజెప్పాం. మన పిల్లలకు మిగిలింది ‘గోడ ముట్టుకోకు’ అన్న మాటొక్కటే. ఆ మాటను కాస్త పక్కన పెట్టమని నా మనవి.

ముందు గోడను చూడండి

రంగు కొనేముందు గోడ ఆరిందో లేదో తెలుసుకోవాలి. కొత్త ప్లాస్టరింగుకు నీళ్లు కొట్టడం ఆపాక కనీసం ఒక నెల ఆరనివ్వండి. తొందరపడితే లోపలి తడితో పాటు తెల్లటి ఉప్పు పైకి తేలి, రంగు పొరలు పొరలుగా ఊడిపోతుంది.

వరద చూసిన ఇళ్లకైతే ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. గోదావరి భద్రాచలం దగ్గర 53 అడుగులకు చేరితేనే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జులైలో అది 71.3 అడుగులకు చేరింది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మం కాలనీల్లోకి వచ్చింది. అలా మునిగిన గోడ పైకి ఆరినట్టు కనిపించినా లోపల చెమ్మ పట్టుకునే ఉంటుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న ప్లాస్టిక్ కవరు ముక్కను గోడకు ఆనించి, నాలుగు వైపులా గాలి చొరకుండా టేపు అంటించండి. మర్నాడు తీసి చూస్తే కవరు లోపల నీటి బొట్లు ఉన్నాయంటే ఆ గోడ రంగుకు సిద్ధంగా లేదన్నమాట. ఈ పరీక్ష పిల్లలతోనే చేయించండి. కవరు తీసి చూడటానికి వాళ్లు మీకంటే ముందే నిద్ర లేస్తారు.

చెమ్మ ఊరే గోడకు సున్నమే మేలు. ఖర్చు తక్కువ, గోడలోని తడిని బయటికి పోనిస్తుంది. ప్లాస్టిక్ ఎమల్షన్ అయితే ఆ తడిని లోపలే పట్టి ఉంచుతుంది, నాలుగు రోజులకు బుడగలు లేస్తాయి. సున్నాన్ని ముందురోజే నానబెట్టి, పల్చటి గుడ్డలో వడకట్టి, కాస్త జిగురు కలపండి. జిగురు ఉంటే వీపు ఆనించినా బట్టలకు తెలుపు అంటదు. చిటికెడు నీలిమందు వేస్తే తెలుపు నిగ్గు తేలుతుంది. గోడను ముందుగా నీళ్లతో తడిపి, ఒక మందపాటి పూతకు బదులు రెండు మూడు పల్చటి పూతలు వేయండి. ఎండాకాలం సెలవుల్లో చేసేటట్టయితే పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ఆపేయండి. కొత్తగూడెం, భద్రాచలం ఎండకు సున్నం చప్పున ఆరిపోయి పొడిపొడిగా రాలుతుంది. దసరా దాటిన దగ్గరి నుంచి మాఘమాసం దాకా ఈ పనికి అన్నిటికంటే అనువైన కాలం.

మరొక సంగతి. ఎమల్షన్ వేసిన గోడ మీద సున్నం నిలవదు. సున్నం గోడ మీద ఎమల్షన్ వేయాలనుకుంటే పాత పూతను గీకి, ప్రైమర్ కొట్టిన తర్వాతే వేయాలి. ఈ రెండూ తెలియక చాలామంది రెండుసార్లు ఖర్చు పెడతారు.

అన్ని గోడలకూ ఖరీదైన రంగు అక్కర్లేదు. వాకిట్లోంచి రాగానే కనిపించే ఒక్క గోడకు, అది పొడిగా ఉంటే, మంచి రంగు కొనుక్కోండి. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు గోడంటే 100 చదరపు అడుగులు. డబ్బా మీద అది ఎంత మేరకు వస్తుందో రాసి ఉంటుంది. గరుకు గోడకు అంతకంటే తక్కువే వస్తుందని గుర్తుంచుకోండి. ఈ లెక్క మీ ఐదో తరగతి పిల్లవాడి చేత కట్టించండి. బడిలో నేర్చిన చదరపు అడుగు మొదటిసారి ఇంట్లో పనికొచ్చిందని వాడికి తెలుస్తుంది. మిగతా గోడలకు సున్నం చాలు.

ఈ పనులు పెద్దవాళ్లవే

పిల్లలను పనిలో కలుపుకోమన్నాను గాని, అన్ని పనుల్లోనూ కాదు. రాతి సున్నం నీళ్లలో వేయగానే బుసబుసా ఉడుకుతుంది, చిందితే ఒళ్లు కాలుతుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు. నానబెట్టడం, కలపడం పెద్దవాళ్లే చేయాలి, పిల్లలు నిద్రపోయాక చేస్తే ఇంకా మంచిది. పూసే పనీ మీదే. పొరపాటున కంట్లో పడితే వెంటనే ధారగా నీళ్లతో చాలాసేపు కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పాత క్వార్టర్లలో, పాత పెంకుటిళ్లలో తలుపులకు, కిటికీలకు ఎప్పుడో వేసిన ఎనామెల్ రంగు ఉంటుంది. ఆ కాలపు రంగుల్లో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, ఇంత వరకు పరవాలేదు అనే హద్దు దానికి లేదు. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో పది లక్షల పాళ్లకు సీసం 90 పాళ్లు మించకూడదన్న నియమం 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందుకని అటక మీది పాత డబ్బా రంగు పిల్లల మంచానికో ఉయ్యాలకో వేయకండి. పాత రంగును పొడిగా గీకవద్దు. తడిపి గీకి, రాలిన పొట్టును తడిగుడ్డతో ఎత్తి పారేయండి. ఆ పూట పిల్లలను అమ్మమ్మ ఇంటికి పంపితే మీకూ నిశ్చింత.

బొమ్మలకు అంటించడానికి అడవి గింజలు ఏరేటప్పుడు గురివింద గింజలు మాత్రం వద్దు. ఎరుపు నలుపుల్లో ఎంత ముద్దుగా ఉన్నా, నమిలి మింగితే ప్రాణం తీసే విషం వాటిలో ఉంది. చింతగింజలు, కుంకుడు గింజలు వాడుకోవచ్చు. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే అవీ వద్దు.

ఇంటి చుట్టూ రంగులే

పిల్లలకు రంగుల పెట్టె కొనలేకపోయామని బాధపడే తల్లిదండ్రులు నాలుగడుగులు బయటికి నడిస్తే చాలు. లేత టేకు ఆకు నలిపితే అరచేయి ఎర్రగా పండుతుందని మన పిల్లలకు తెలుసు. హోలీ ముందు పూసే మోదుగుపూలు నీళ్లలో నానబెడితే నారింజ రంగు దిగుతుంది. పసుపు నీళ్లలో సున్నపు తేట చుక్క వేస్తే ఎర్రబడుతుంది. పొయ్యి బొగ్గు నూరితే నలుపు, సుద్ద నూరితే తెలుపు, జాజు నూరితే మనింటి ఎరుపు. ఈ పొడులను గుడ్డలో జల్లించి, నీళ్లలో నానబెట్టిన తుమ్మబంక కలిపితే కాగితం మీద, అట్ట మీద చక్కగా పట్టుకుంటాయి. బంక దొరక్కపోతే నీళ్లు కలిపిన ఫెవికాల్ పనిచేస్తుంది. ఈత పుల్ల చివర దంచి పీచు చేస్తే అదే కుంచె. పూల రంగులు, పసుపు ఎండకు వెలిసిపోతాయి కాబట్టి కిటికీకి ఎదురుగా తగిలించకండి. మట్టి రంగులు, బొగ్గు ఎక్కువ కాలం నిలుస్తాయి.

కాగితాలకూ వెతుక్కోనక్కర్లేదు. పాత క్యాలెండరు వెనక వైపు, పెళ్లి శుభలేఖలు, కిరాణా కొట్టులో పారేసే అట్టపెట్టెలు చాలు. ఒక అట్టకు జాజు పూసి ఆరనిచ్చి, దాని మీద సుద్దతో నాయనమ్మ చేత చుక్కలు పెట్టించండి, ముగ్గు పిల్లలు కలుపుతారు. ఇప్ప, మోదుగ, టేకు ఆకుల వెనక వైపు రంగు పూసి కాగితం మీద అద్దితే ఈనెలన్నీ అచ్చుపడతాయి. రాలిన ఆకులే ఏరమని చెప్పండి, చెట్టు కొమ్మ విరవనివ్వకండి. మేదరుల దగ్గర ఒక చిన్న చాటో తడికో కొని దాని మీద ముగ్గు వేస్తే గోడకు అంతకంటే అందమైన అలంకారం ఉండదు, అల్లినవాళ్లకూ నాలుగు డబ్బులు ముడతాయి.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు యజమానిని అడగకుండా గోడ మీద గీయించకండి. పాత చీరను నాలుగు మడతలు వేసి కుట్టి, ఉన్న ఒక్క మేకుకే తగిలించి, దాని మీద బొమ్మలు గుచ్చుకోవచ్చు. ఇల్లు మారితే అదీ మీతో వస్తుంది.

చూసి నేర్చుకోవాల్సినవి, తాకకూడనివి

ఒక సెలవు రోజు పిల్లలను భద్రాచలం ఐటీడీఏ ప్రాంగణంలోని గిరిజన మ్యూజియానికి తీసుకెళ్లండి. మన నేల మీద మనుషులు గుడ్డతో, మట్టితో, వెదురుతో ఏమేం చేశారో చూడనివ్వండి. కోయల పడిగెల గురించి చెప్పండి. గుడ్డ మీద బొమ్మలుగా నిలిచిన వంశ చరిత్రలవి. డోలీలనే గాయకులు వాటిని చూపుతూ తమ వేల్పుల కథలు పాడి వినిపిస్తారు. ఆ కథలు చెప్పిన కంచుమేళం కళాకారుడు, మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. మన పక్క ఊరి పాటకు, బొమ్మకు దేశం తలవంచిందని పిల్లలు తెలుసుకోవాలి.

అయితే పడిగె కొలుపులో ఉండే వస్తువు. బాగుంది కదా అని దాన్ని చూసి హాలులో షోకుకు వేయించకండి. సిక్కోలు వైపు సవరలు ఎర్రమట్టి గోడ మీద తెల్లగా వేసే బొమ్మలు కూడా పూజతో ముడిపడినవే. ఎదుటివారి దేవుణ్ణి అలంకారంగా వాడుకోకూడదని చెప్పడం కూడా పెంపకంలో భాగమే. అమ్మకానికని చేసిన వస్తువు దొరికితే మాత్రం పిల్లల ఎదుటే, బేరమాడకుండా, చెప్పిన ధర ఇచ్చి కొనండి. మీరు ఆదివాసీ కుటుంబమే అయితే ఇంకొక మాట. పెంకులు, మట్టిగోడలు పాతకాలపువని పిల్లలు సిగ్గుపడకుండా చూడండి. సిమెంటు ఇంట్లోనూ జాజు పట్టీ వేయించండి, అవ్వ చేత ఆ గీతలు నేర్పించండి.

మీ మాటే పిల్లలకు బలం

గది రంగు ఎంచుకునేటప్పుడు మీ జేబుకు సరిపోయే మూడు రంగులు మీరు తీయండి, అందులో ఒకటి పిల్లలను ఎంచుకోమనండి. నేల నుంచి మూడడుగుల వరకు ముదురు రంగు పట్టీ వేస్తే చేతి మరకలు కనిపించవు, ‘ముట్టుకోకు’ అని అరవాల్సిన అవసరమూ తగ్గుతుంది. ఒక మూల గోడను గీసుకోవడానికి వాళ్లకే వదిలేయండి.

అలకడం ఆడపిల్లకు, నిచ్చెన పట్టడం మగపిల్లవాడికి అని పని పంచకండి. ఇద్దరూ రెండూ చేయాలి. నాన్న స్వయంగా బకెట్టు పట్టుకుని నిలబడితే ఆ ఇంట్లో ఈ సంగతి చెప్పనక్కర్లేదు.

బొమ్మ వేసేటప్పుడు చేయి పట్టి దిద్దకండి. ఏనుగు ఊదాగా ఉన్నా, రాములవారి గుడి పక్కకు ఒరిగినా అలాగే ఉండనివ్వండి. ‘అక్క ఎంత బాగా వేసిందో చూడు’ అన్న ఒక్క మాటతో తమ్ముడు కుంచె పడేస్తాడు. వరదలో ఇల్లు వదిలి పునరావాస కేంద్రంలో పడుకున్న పిల్లలు నీళ్లే గీస్తారు, మునిగిన ఇళ్లే గీస్తారు. ‘మంచి బొమ్మ వేయరాదా’ అని అడ్డుపడకండి. పక్కన కూర్చుని, చెబితే వినండి.

తగిలించేటప్పుడు పిల్లల కంటి ఎత్తులో తగిలించండి. మూల మీద పేరు, తారీఖు వాళ్ల చేతే రాయించండి. నదికి దగ్గరగా ఉండేవాళ్లు వానాకాలం రాగానే వాటిని కవరులో చుట్టి ఇంటి కాగితాలతో పాటు భద్రం చేయండి. చుట్టాలు వచ్చి ‘కొత్త గోడ మీద ఈ గీతలేందమ్మా?’ అంటే నవ్వి ఊరుకోకండి. ‘మా చిన్నది వేసింది పెద్దమ్మా, బాగుంది కదా!’ అని ఆ పిల్ల వినేలా చెప్పండి. మీరు వెనకేసుకొచ్చిన ఆ మాట పిల్ల మనసులో చాలా కాలం ఉంటుంది.

అంతా ఒకేసారి కావాలని లేదు. ఈ నెల చేతిలో కొద్దిగా డబ్బుంటే సున్నం, జాజు తెచ్చి ఒక్క గోడతో మొదలుపెట్టండి. వచ్చే పండుగకు ఇంకో గోడ. పిల్లలతో కలిసి కూర్చుని ఏ గోడ ముందో, ఎవరి వంతు ఏ పనో ఒక కాగితం మీద రాసుకోండి. సొంత ఇంటిని తమ చేతులతో చక్కదిద్దుకోవడం అలవాటైన పిల్లలు రేపు ఏ ఊళ్లో, ఎంత చిన్న గదిలో ఉన్నా దాన్ని ఇల్లు చేసుకోగలరు.