చేపల తొట్టి నీరు – ప్లాస్టిక్ పాత్రల ఎంపిక

నీరు ఎక్కడి నుండి వచ్చిందని అందరమూ అడుగుతాం. ఏ పాత్రలో నిలిచిందని అడిగేవారు అరుదు. ఎ.కొండూరు ప్రాంతంలో ఈ రెండవ ప్రశ్నకూ ప్రాధాన్యం ఉన్నది. ఈ మండలంలోని తండాలలో మూత్రపిండాల వ్యాధి అనేక కుటుంబాలను కుంగదీసింది. భూగర్భజలంలోని ఫ్లోరైడు, సిలికా మొదలైన వాటిపై అనుమానాలు వ్యక్తమైనాయి గాని, కారణం ఇదొక్కటేనని శాస్త్రజ్ఞులు తేల్చి చెప్పలేదు. బోరు నీటికి బదులుగా తండాలకు ట్యాంకర్లతో నీరు సరఫరా చేశారు; కృష్ణా జలాలను గొట్టాల ద్వారా తెచ్చే పథకమూ చేపట్టారు. ట్యాంకరు వచ్చిన నాడు పట్టిన నీరు మళ్లీ ట్యాంకరు వచ్చేదాకా ఇంటి ముందరి డ్రమ్ములోనే నిలుస్తుంది. మరి ఆ డ్రమ్ము మన ఇంటికి రాక పూర్వం దేనిని మోసింది?

మన వ్యాసవిషయం చేపల తొట్టి నీరు. అయినను పై ప్రశ్న దీనికి దూరమైనది కాదు. మనిషి రోజుకు రెండు మూడు లీటర్ల నీరు త్రాగుతాడు. చేప ఇరువది నాలుగు గంటలూ ఆ నీటిలోనే ఊపిరి తీస్తుంది. దాని మొప్పలలో రక్తానికి, నీటికి మధ్య అతి పలుచని పొర మాత్రమే ఉంటుంది. కనుక పాత్ర నుండి నీటిలోనికి దిగే మలినం మనకు తెలియక ముందే చేపకు తెలుస్తుంది.

లోహపాత్రల సంగతి మొదట చూద్దాం. రాగిబిందెలో నీరు నిలువ ఉంచి త్రాగడం మన పెద్దలు మెచ్చిన పద్ధతి. అదే నీరు చేపలకు పోస్తే ప్రమాదం. నీటిలో కరిగిన రాగి మొప్పలను దెబ్బ తీస్తుంది. నత్తలు, రొయ్యలు మరింత త్వరగా చనిపోతాయి. జింకు పూత పూసిన ఇనుప బకెట్టు విషయమూ ఇంతే. నీరు మెత్తనిదై, కొంచెం ఆమ్లగుణం కలిగి ఉన్నచో లోహం మరింత సులువుగా కరుగుతుంది, విషప్రభావమూ హెచ్చుతుంది. మట్టి గూనలు, గాజు తొట్లు మంచివే గాని బరువు, పగిలిపోతాయన్న భయం. అందువల్ల ప్లాస్టిక్ తప్పనిసరి అయినది.

అయితే ప్లాస్టిక్ అన్నది ఒక పదార్థం పేరు కాదు, ఒక పెద్ద కుటుంబం పేరు. 1933లో ఇంగ్లండులో పాలిథిన్ కనుగొనబడింది. 1953లో జర్మనీలో కార్ల్ జీగ్లర్ తక్కువ పీడనంలోనే పాలిథిన్ తయారుచేసే మార్గం చూపగా, గట్టి పాలిథిన్ సాధ్యమైనది. ఆ మరుసటి సంవత్సరం ఇటలీలో నట్టా పాలీప్రొపిలీన్‌ను సాధించాడు. వీరిద్దరూ 1963లో నోబెల్ బహుమతిని పంచుకొన్నారు. నీటి నిలువకు నమ్మదగినవి ముఖ్యంగా ఈ రెండే: గట్టి పాలిథిన్, పాలీప్రొపిలీన్.

పాత్ర అడుగున త్రికోణంలో ఒక అంకె ఉంటుంది. 2 అయితే గట్టి పాలిథిన్, 4 అయితే మెత్తని పాలిథిన్, 5 అయితే పాలీప్రొపిలీన్. 3 అనగా పి.వి.సి. మెత్తని పి.వి.సి.కి ఆ మెత్తదనం రావడానికి కలిపే ద్రవ్యాలు మెల్లగా బయటికి ఊరుతాయి కాబట్టి తోటకు వాడే రబ్బరు వంటి పైపులతో చేపల నీరు పట్టరాదు. 1988లో అమెరికాలో ప్రవేశపెట్టిన ఈ అంకెలు పాత ప్లాస్టిక్‌ను వేరుచేయడానికి ఏర్పడినవే తప్ప, పాత్ర క్షేమకరమని హామీ ఇచ్చేవి కావు. రెండవ అంకె చూచి ధైర్యపడేవారు ఈ మాట గమనించాలి. ఆహారానికి పనికివచ్చునని తెలిపే గ్లాసు, ఫోర్కు బొమ్మ గాని, ఇంటిపై ట్యాంకులకైతే భారతీయ ప్రమాణం 12701 గుర్తు గాని చూడడం మేలు.

అంకె చెరిగిపోతే మన ప్రయోగశాలలోనే ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. పాత్ర అంచు నుండి చిన్న ముక్క గీరి నీటిలో ముంచి వదలండి. పాలిథిన్, పాలీప్రొపిలీన్‌ల సాంద్రత ఒకటికి తక్కువ గనుక తేలుతాయి. పి.వి.సి. మునుగుతుంది. త్రాగునీటి సీసాల ప్లాస్టిక్ కూడా మునుగుతుంది, కాబట్టి మునిగినదంతా చెడ్డదని అనుకోనక్కరలేదు.

ఇక అసలు ప్రమాదం పదార్థంలో కంటె చరిత్రలో ఉన్నది. సంతలో చవకగా దొరకే నీలిరంగు డ్రమ్ములు గట్టి పాలిథిన్‌తో చేసినవే. కాని రంగులో, ఆమ్లమో, పురుగుమందో మోసి ఖాళీ అయినవి వాటిలో ఉంటాయి. మిరప, పత్తి, మామిడి పండే మన ప్రాంతంలో పురుగుమందు డబ్బాలకు కొదువ లేదు. పాలిథిన్ నూనె స్వభావం గల ద్రవ్యాలను తనలోనికి పీల్చుకొంటుంది. పది సార్లు కడిగినా అవి పూర్తిగా పోవు, తరువాత పోసిన నీటిలోనికి కొద్దికొద్దిగా దిగుతాయి. సైపర్‌మెత్రిన్ వంటి మందు లీటరుకు కొద్ది మైక్రోగ్రాములున్నా చేపలు చస్తాయి. వాసన లేదు గదా అనే వాదం చెల్లదు. అన్ని విషాలకూ వాసన ఉండదు. పూర్వచరిత్ర తెలియని డ్రమ్ము ఎంత చవకైనా చేపలకు వద్దు, మనుషులకు అసలే వద్దు.

కొత్త పాత్రనైనా నీటితో నింపి, మూతపెట్టి రెండు మూడు రోజులుంచి పారబోయడం మంచిది. సబ్బుపొడి వాడకుండా ఉప్పుతో రుద్ది కడగాలి. ఫినాయిలు కలిపిన బకెట్టును చేపల పనికి ముట్టుకోరాదు.

నీరు కలపడం వేరొక పని. మన బోరు నీటిలో కాఠిన్యం ఎక్కువ కాబట్టి దానిలో శుద్ధి యంత్రపు నీరు కలుపుతారు. ఉదాహరణకు లీటరుకు 600 మిల్లీగ్రాముల కాఠిన్యం గల బోరు నీరు ఒక వంతు, 50 మిల్లీగ్రాములది రెండు వంతులు కలిపితే సుమారు 233 వస్తుంది. గప్పీ, మోలీ చేపలు ఇటువంటి నీటిలో హాయిగా బ్రతుకుతాయి. ఈ మిశ్రమం తొట్టిలో కాక వేరే డ్రమ్ములో చేసి, ఒక దినం నిలువ ఉంచాలి. పంచాయతీ నీటిలో కలిపిన బ్లీచింగు క్లోరిన్ మూత తీసి ఉంచినపుడే ఎగిరిపోతుంది గనుక, ఆ ఒక్క దినం డ్రమ్ముపై పలుచని గుడ్డ కట్టాలి. లేనిచో దోమలు గ్రుడ్లు పెడతాయి. డెంగ్యూ దోమకు ఇంటి డ్రమ్ము కంటె ఇష్టమైన చోటు లేదు. సముద్రపు చేపలకైతే లీటరుకు 35 గ్రాముల లవణం కావాలి. నీటిలో లవణం వేయాలే గాని లవణంపై నీరు పోయరాదు, పోస్తే సున్నపు పదార్థం తెల్లగా పేరుకొంటుంది.

నల్లని పాత్రలో వెలుతురు చొరదు, పాచి పట్టదు. నలుపునిచ్చే కార్బన్ పొడి ప్లాస్టిక్‌ను ఎండ నుండి కాపాడుతుంది. కాని మే నెలలో మేడ మీది నల్లని ట్యాంకు నీరు సరాసరి తొట్టిలో పోస్తే చేపలు తట్టుకోలేవు. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ: 20 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే. డ్రమ్మును నీడలోనే ఉంచాలి.

తండాల సంగతి చెప్పకుండా విడువరాదు. ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము మించరాదని, వేరే నీరు లేనపుడు ఒకటిన్నర వరకు అనుమతించవచ్చునని భారతీయ ప్రమాణం 10500 చెబుతున్నది. ఎంత మంచి డ్రమ్మయినా ఈ ఫ్లోరైడును తీసివేయదు. నీటిని పరీక్ష చేయించడం, మంచినీరు తెప్పించడం ప్రభుత్వం బాధ్యత. ఆ విధంగా వచ్చిన మంచినీరు పురుగుమందు డ్రమ్ములో పడకుండా చూడడం మాత్రం రసాయనశాస్త్రం చదివే మన విద్యార్థులు తమ ఇళ్లలో, తమ వీధులలో చేయగల పని. డ్రమ్ము కొనేటప్పుడు అడుగు భాగం తిప్పి చూడండి, అమ్మేవానిని ఇందులో ఏమి వచ్చిందని అడగండి. జవాబు తడబడితే వేరే దుకాణానికి వెళ్లండి.