పోటీ పరీక్షల ప్రత్యేకం: సవర భాష, గిడుగు, భాషాశాస్త్ర పరిశోధన

పలాసకు ఆనుకున్న మందస కొండల్లో, టెక్కలికి ఎగువన మెళియాపుట్టి వైపు సవరలు నివసిస్తారు. అభ్యర్థులు తరచూ పొరబడే అంశం ఒకటుంది: వారు మాట్లాడే సవర ద్రావిడ భాష కాదు, ఆస్ట్రో ఏషియాటిక్ కుటుంబంలోని ముండా శాఖకు చెందింది.

దీనిని శాస్త్రీయంగా అధ్యయనం చేసినవారు గిడుగు వెంకట రామమూర్తి (1863–1940). పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, భాషాశాస్త్రంలో ఏ విశ్వవిద్యాలయ శిక్షణా లేకుండా, సవరల దగ్గరే వారి భాష నేర్చుకున్నారు. మాట్లాడేవారితో కలిసి చేసే పరిశోధనకు తెలుగునాట ఇంతకన్నా గొప్ప ఆరంభం లేదని నా నమ్మకం. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లిష్ నిఘంటువు 1938లో వెలువడ్డాయి. ఆయన జయంతి అయిన ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం.

భాషాశాస్త్రంలో ఉన్నత శిక్షణ తర్వాతి తరానికి అందింది. భద్రిరాజు కృష్ణమూర్తి 1957లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. 1962లో ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖకు తొలి ఆచార్యుడయ్యారు. ఆయన పర్యవేక్షించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలది. కొండ (కూబి) భాషపై ఆయన గ్రంథం 1969 నాటిది. కొండ మాత్రం ద్రావిడ భాషే.

సవరకు సొరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపి కూడా ఉంది. దాని రూపకర్త మంగేయి గొమాంగో, సంవత్సరం 1936.