దిక్కులేని బిడ్డకు సురక్షితమైన చోటు

సోవియట్ దేశముతో 1955లో కుదిరిన ఒడంబడిక ననుసరించి భిలాయిలో ఉక్కు కర్మాగారము నిర్మింపబడినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. తెలుగువారును, ఇతర ప్రాంతములవారును జీవనోపాధికై వచ్చి అక్కడ స్థిరపడిరి. పనికై వలసవచ్చిన కుటుంబమునకు అమ్మమ్మగాని మేనమామగాని తరచుగా చెంత నుండరు. తండ్రి మరణించినను, తల్లి మంచము పట్టినను అట్టి యింటి బిడ్డ దిక్కులేనిదగును. భిలాయి హౌరా-ముంబయి రైలుమార్గముమీద నున్నది గనుక ఇల్లు విడిచిన బిడ్డ ఎంత దూరమైనను పోగలదు.

మొదట చేయవలసినది

2015లో చేయబడిన బాలన్యాయ చట్టము 2016 జనవరి 15 నుండి అమలులో నున్నది. 18 ఏండ్లు నిండనివారందరును ఈ చట్టమున బాలలే. ప్రతి జిల్లాలోను ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులుగల బాలల సంక్షేమ సమితి యుండవలెను. హిందీ ప్రాంతములలో దీనిని బాల కల్యాణ సమితి యందురు. ఒంటరిగా దొరికిన బిడ్డను, ప్రయాణకాలము మినహాయించి, 24 గంటలలో ఈ సమితి యెదుట హాజరుపరుపవలెను. 1098కి గాని 112కి గాని ఫోను చేసిన చాలును. జాలిచేతనే యైనను, ఎవరికిని తెలుపక బిడ్డను ఇంట నుంచుకొనుట నేరము.

ఏ బిడ్డకు ఏ గృహము?

సంరక్షణ కావలసిన బిడ్డను బాలగృహమునకు పంపుదురు. తలిదండ్రులు లేని, ఆరేండ్లలోపు శిశువులను దత్తత సంస్థలో నుంచుదురు. నేరము మోపబడిన బాలలకు పర్యవేక్షణ గృహములు వేరుగా గలవు. నిరాశ్రయతయే నేరమైనట్లు దిక్కులేని బిడ్డను అందుంచరాదు. బాలల నుంచు ప్రతి గృహమును రిజిస్టరు కావలెను. ఒకచోట మంచము ఖాళీగా నున్నంతమాత్రమున అది సురక్షిత స్థలము కాదు.

తెలుగుబిడ్డ పరాయిచోట దొరికినచో విచారణానంతరము, మేలని తోచినప్పుడు, సమితి ఆ బిడ్డను స్వస్థలమునకు సమీపమున నున్న సమితికి బదిలీ చేయును. ఉత్తర్వు అందిన 15 దినములలో పోలీసులు తోడుండి చేర్పవలెను. బాలికయైనచో స్త్రీ పోలీసు అధికారి వెంట నుండవలెను.

ఇల్లు నిలుపుటయే మొదటి మార్గము

గృహవాసము చివరి ఉపాయమని చట్టము చెప్పుచున్నది. భర్తను గోల్పోయిన యొక తల్లి, తిండి పెట్టలేక బిడ్డను గృహమున వదలదలచెననుకొందము. ఆ బిడ్డకు కొఱవడినది డబ్బేగాని తల్లి కాదు. మిషన్ వాత్సల్య పథకము క్రింద అర్హతగల బిడ్డకు నెలకు 4,000 రూపాయల పోషణ సహాయము లభించును. ఈ సహాయముతో బిడ్డ తల్లియొద్దనే పెరుగును, బడి మానదు. గృహములోని ఆ చోటు నిజముగా ఎవరును లేని మఱియొక బిడ్డకు మిగులును.

కావున ఇరుగుపొరుగున తల్లినిగాని తండ్రినిగాని గోల్పోయిన బిడ్డ యున్నచో, ఆ కుటుంబమునకు జిల్లా బాలల సంరక్షణ కార్యాలయమునకు దారి చూపవలెను. బిడ్డ వీధిని పడిన పిమ్మట వెదకుటకంటె ముందుగా ఒక మాట చెప్పుట సులభము.