కృష్ణ వెంట ఇద్దరం: దారి నేర్పిన పాఠాలు

మా తరం దంపతుల్లో చాలామంది పిల్లల దగ్గరికి విమానమెక్కి వెళ్లి, వాళ్లతో కలిసి ఇటలీ, స్పెయిన్, గ్రీసు చూసి వస్తున్నారు. సంతోషించాల్సిన విషయమే. అయితే రోము ఫొటోలు చూపించే మిత్రుల్లో ఎక్కువమందికి ఆ రోము నాణేలు మన నల్లగొండ జిల్లా నేలలోనూ, నాగార్జునకొండ తవ్వకాల్లోనూ దొరికాయని తెలియదు. నాది నల్లగొండ, మా ఇంటామెది పాలమూరు (మహబూబ్‌నగర్). ఉద్యోగ బాధ్యతలు తీరినప్పటి నుంచి ఏటా చలికాలంలో ఇద్దరం సొంత కారులో ఈ రెండు ఉమ్మడి జిల్లాలు తిరుగుతున్నాం. ఆ తిరుగుడులో తెలిసివచ్చిన సంగతులు, మా ఈడు వాళ్లకు పనికొస్తాయనుకున్నవి, వరుసగా చెబుతాను.

1. ఊళ్ల జాబితా పెట్టుకోకండి, నీళ్ల దారి పట్టుకోండి

ఇది మెట్ట ప్రాంతం. గుట్టలు, బండలు, ఎర్రమట్టి, వాన మీద ఆశ. ఇక్కడ చూడదగ్గవన్నీ ఏదో ఒక విధంగా నీళ్లతో ముడిపడినవే. కృష్ణానది తంగిడి దగ్గర తెలంగాణలో అడుగుపెడుతుంది. జూరాల దాటి, బీచుపల్లి మీదుగా ఆలంపూర్ దిక్కుకు వచ్చి, సోమశిల దగ్గర వెడల్పయి, నల్లమల కొండల మధ్య ఇరుకై, నాగార్జునసాగర్‌లో నిలిచి, వాడపల్లి దగ్గర మూసీని కలుపుకుంటుంది. ఈ వరుసను కాగితం మీద రాసుకుంటే మీ ప్రయాణానికి పటం తయారైనట్టే. నది వెంట పోతే ఒక చోటికీ ఇంకో చోటికీ ఉన్న సంబంధం దానంతటదే అర్థమవుతుంది.

2. దసరా దాటాక బయల్దేరండి

వేసవిలో ఈ బండల మీద పొద్దున తొమ్మిది దాటితే కాలు మోపలేం. వానలు వెనకబట్టాక, చెరువులు నిండుగా ఉన్నప్పుడు, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఆ కాలం మొదట్లో జాతీయ రహదారి పక్కన బాలానగర్ సీతాఫలాలు గంపల్లో దొరుకుతాయి. వానలు బాగా పడిన ఏడు అయితే మదనాపురం దగ్గరి సరళాసాగర్ తప్పక చూడండి. 1959లో ప్రారంభమైన ఈ ప్రాజెక్టులో, నీరు నిర్ణీత మట్టానికి చేరగానే సైఫన్లు వాటంతటవే తెరుచుకుని వరదను వదిలేస్తాయి. గేటు ఎత్తడానికి మనిషి అక్కర్లేదు. వనపర్తి సంస్థానపు రాణి సరళాదేవి పేరు మీద కట్టిన ఈ చిన్న జలాశయం ముందు నిలబడితే, మన ఇంజనీర్ల మీద గౌరవం రెట్టింపవుతుంది.

3. పొద్దుగూకేలోపు బండి ఆగాలి

వానాకాలం పంట కోతలప్పుడు ఊరి రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంచుతారు. పగలు తేలిగ్గా తప్పించుకుంటాం, చీకట్లో ఆ రాళ్లు కనబడవు. సాయంత్రం గొర్రెల మందలు, బర్రెలు ఇళ్లకు మళ్లే వేళ. దీపం లేని ట్రాక్టర్ ట్రాలీలు కూడా అప్పుడే రోడ్డెక్కుతాయి. అరవై దాటిన కళ్లకు ఎదుటి బండి వెలుతురు బాగా గుచ్చుకుంటుంది. అందుకే అయిదున్నరకల్లా బస చేరడం మా ఇంట్లో శాసనం. తెల్లవారుజామున లేచి రెండు గంటలు ముందే బయల్దేరితే ఆ సమయం తిరిగి దక్కుతుంది.

4. రోజుకు రెండు చోట్లు చాలు

పానగల్లు మా నల్లగొండ పక్కనే. చాలామంది ఛాయా సోమేశ్వరాలయానికి వచ్చి, గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పడే స్తంభం నీడ చూసి, ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. ఆ నీడ గొప్పదనం తెలియాలంటే పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం మరోసారి చూడాలి. సూర్యుడు ఎటు తిరిగినా అది అక్కడే ఉంటుంది. ముందున్న పలు స్తంభాల మీదుగా వచ్చే వెలుతురు కలిసి ఒక్క నీడగా ఏర్పడేలా కట్టారని భౌతికశాస్త్రం తెలిసినవారు వివరిస్తారు. మధ్యలో ఖాళీ దొరికినప్పుడు పచ్చల సోమేశ్వరాలయం గోడల మీది రామాయణ, భారత ఘట్టాలు చూసి, ఉదయసముద్రం కట్ట మీద నడవండి. గుడీ చెరువూ ఒకే ఆలోచనగా చూసిన కందూరు చోడుల కాలం అది. ఆ ఒక్క ఊరికే రోజంతా ఇచ్చినా దండగ కాదు.

5. సమయాన్ని చెరిసగం పంచుకోండి

దంపతుల ప్రయాణం చెడేది దూరం వల్ల కాదు, ఒకరి ఇష్టం మీద ఇంకొకరు పొద్దంతా నడవడం వల్ల. నాకు శాసనాలు, కోటలు ఇష్టం. ఆమెకు చెట్లు, చెరువులు, అంగట్లో మనుషులతో మాటలు ఇష్టం. "ఇగో, జెర ఆపుండ్రి, గా చెట్టు కింద కూసుండి పోదాం" అంటే ఆపుతాను. పొద్దుటిపూట ఒకరిది, మాపటిపూట ఇంకొకరిది అన్న ఒప్పందంతో ఆలంపూర్‌లో నేను బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాల శిఖరాలు, రాతి కిటికీలు తనివితీరా చూశాను. దక్షిణాదిన ఏడో శతాబ్దంలోనే ఉత్తరాది రేఖా శిఖరాలు ఎలా వెలిశాయో ఆమెకు వివరించే తీరిక దొరికింది. ఆమె జోగులాంబ సన్నిధిలో కూర్చున్నంతసేపు నేను తొందరపెట్టలేదు. మహబూబ్‌నగర్ పక్కన మూడెకరాల దాకా పరుచుకున్న పిల్లలమర్రిని నాకు చూపించింది ఆమే. ఏడు వందల ఏళ్లనాటిదని చెప్పుకునే ఆ మర్రికి చెదలు పడితే, 2018లో రోగికి సెలైన్ ఎక్కించినట్టు కొమ్మలకు సీసాలు కట్టి బొట్టుబొట్టుగా మందు ఎక్కించారు. ఊడలకు పైపుల ఆసరా పెట్టారు. చెట్టును కూడా మనిషిలా కాపాడుకోవచ్చని ఆ రోజు ఆమె చెప్పిన మాటతో నేను ఏకీభవించాను.

6. నది ఒడ్డున గుడి కనబడితే, అది మొదట ఎక్కడ ఉండేదో అడగండి

ఈ దారిలో అన్నిటికన్నా విలువైన ప్రశ్న ఇదే. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు నిలిచినప్పుడు పాత పాలమూరు, కర్నూలు జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లు మునిగాయి. కృష్ణా తుంగభద్రల సంగమంలో ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్లకు గుర్తులు వేసి, విప్పి, ఆలంపూర్‌కు తెచ్చి మళ్లీ కట్టారు. పాపనాశి గుళ్లూ అట్లాగే కదిలాయి. జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయం, సోమశిల సోమేశ్వరాలయం కూడా నీళ్లకు అందని చోటికి చేరినవే. ఈజిప్టులో అస్వాన్ ఆనకట్ట కోసం అబూ సింబెల్ ఆలయాలను 1968 నాటికి పైకి తరలించారని ప్రపంచమంతా గొప్పగా చెప్పుకుంటుంది. మన కొల్లాపూర్, ఆలంపూర్ పక్కన జరిగిన పని మన పిల్లలకే తెలియదు.

సోమశిల రేవులో ఒక ముసలి పడవ మనిషి మమ్మల్ని అవతలి ఒడ్డుకు తీసుకుపోతూ నడిమధ్యన తెడ్డు ఆపి, "మా ఊరు గీడనే ఉండె సారూ. గిక్కడ చింతచెట్టు, గాడ మా ఇల్లు" అని నీళ్ల మీద చెయ్యి తిప్పి చూపించాడు. చుట్టూ నీలం నీళ్లే. ఆ చేతి వేలు చూపించిన చోట నాకు ఊరు కనబడింది. గుళ్లకు గుర్తులు వేసి తెచ్చారు, మనుషులు మాత్రం ఎవరికి వాళ్లుగా చెదిరిపోయారు. ఈ సంగతి తెలుసుకోకుండా కృష్ణ అందం చూసి రావడం సగం చూడటమే.

7. సాగర్‌కు నిండు రోజు ఇవ్వండి

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ప్రపంచంలోని పెద్ద రాతి ఆనకట్టల్లో ఇదొకటి. యంత్రాల కన్నా మనుషుల చేతులే ఎక్కువగా ఎత్తిన కట్టడం. దేశంలో చాలా ప్రాజెక్టుల మట్టిపనిలో పాలమూరు కూలీల చెమట ఉంది. ఎవరెవరి పొలాలకో నీళ్లు పారించినవాళ్ల సొంత చేలు దశాబ్దాల పాటు ఎండిపోయాయి. కట్ట మీద గేట్లు లెక్కపెట్టేముందు ఆ చేతులను తలచుకోవడం మన ధర్మం.

ఈ సాగర్ నీళ్ల కింద ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. 1954 నుంచి 1960 దాకా తవ్వి తీసినవాటిని నాగార్జునకొండ దీవి మీది మ్యూజియంలో ఉంచారు. అవతలి ఒడ్డున అనుపులో మెట్లవరుసల రంగస్థలాన్ని మళ్లీ పేర్చారు. రోము కొలోసియం చూసి వచ్చినవాళ్లు దీన్ని కూడా చూడాలి. శుక్రవారం మ్యూజియం మూసి ఉంటుంది, లాంచీ వేళలు ముందురోజే కనుక్కోండి. ఇటువైపు 274 ఎకరాల బుద్ధవనం 2022లో తెరిచారు. అక్కడ సాయంత్రం నడక మోకాళ్లకు హాయి.

8. అడవి వేళలకు మనమే లొంగాలి

మన్ననూరు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు మూస్తారు. కోతులకు అరటిపండ్లు వేయకండి, ప్లాస్టిక్ పారేయకండి, హారన్ కొట్టకండి. మల్లెలతీర్థానికి మెట్లు దిగడం సులువు, ఎక్కడమే కష్టం. మోకాళ్లు అరిగినవాళ్లు ఉమామహేశ్వరంతో తృప్తిపడాలి, బండి కొండ మీద దాకా పోతుంది. చెంచు పెంటల్లోకి, అంటే వాళ్ల గూడేల్లోకి, కెమెరా పట్టుకుని పోవడం మర్యాద కాదు. వాళ్లు అడవి బిడ్డలు, ప్రదర్శన వస్తువులు కారు.

9. మగ్గం పక్కన కూర్చుని కొనండి

గద్వాలలో నూలు చీరకు పట్టు అంచు ఎలా కలుస్తుందో కళ్లారా చూడండి. రెండు రకాల పోగులను నేతలోనే ఒకదాన్నొకటి పట్టుకునేలా కలుపుతారు. పోచంపల్లి వైపు పోతే ఆసు పోయడం గురించి అడగండి. ఒక్క చీరకు దారాన్ని కొయ్యల మధ్య తొమ్మిది వేల సార్ల దాకా చేత్తో తిప్పాలి. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తల్లి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ భుజాల కష్టం తెలిశాక మా ఇంటామె బేరం ఆడటం మానేసింది. నేరుగా నేసినవాళ్ల చేతికే డబ్బు ఇవ్వండి.

10. నీళ్లు, రొట్టె, మందులు

నల్లగొండ పల్లెల నీళ్లలోని ఫ్లోరైడ్ తరాల నడుములు వంచింది. పటిక, సున్నంతో ఆ నీటిని శుద్ధి చేసే పద్ధతిని ఆఫ్రికా దేశాల్లో కూడా 'నల్లగొండ టెక్నిక్' అనే పిలుస్తారు. ఇప్పుడు నల్లా నీళ్లు వచ్చాయి కానీ బోరు నీళ్లు తాగకండి, క్యాన్ వెంట ఉంచుకోండి. మధ్యాహ్నం హోటల్ బిర్యానీ కన్నా దారి పక్కన కాల్చి ఇచ్చే జొన్నరొట్టె, పప్పు మన వయసుకు మేలు. బీపీ, షుగర్ మందులు రెండు సంచుల్లో ఉండాలి, ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది. ఒకరి మందుల పేర్లు ఇంకొకరికి నోటికి రావాలి.

అరవై దాటిన దంపతులకు ఒక విన్నపం. పరదేశాలు పిల్లలు ఎప్పుడైనా చూపిస్తారు. మునిగిన ఊళ్ల పేర్లు, ఏ గుడి ఏ ఒడ్డు నుంచి వచ్చిందో చెప్పగలిగిన మనుషులు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నారు. వాళ్లుండగానే, మీకు ఓపికుండగానే, ఈ చలికాలమే బయల్దేరండి.