పక్షవాతము తరువాత దిగులు, మరపు

పక్షవాతము తగిలి బ్రతికినవానికి కాలుసేతులు కొంత స్వాధీనమైనచో గండము గడచినదని ఇంటివారు తలంతురు. మేము వైద్యులము కాము. పొలముల వెంట తిరుగుచు చూచినది, వైద్యుల నడిగి తెలిసికొన్నది వ్రాయుచున్నాము.

మా యెరుకలోని యొక రైతునకు కుడిచేయి పడిపోయి మాట తడబడెను. ఆరు మాసములకు నడవగలిగెను గాని, పొలము మాటెత్తినను పలుకడు, అన్నము సహింపదు, వేకువకు ముందే మేల్కొని గోడవైపు చూచుచుండును. ఇంటివారు సోమరితనమనిరి. మేమును మొదట నట్లే తలంచితిమి. అది మా పొరపాటు.

పక్షవాతము వచ్చినవారిలో నూటికి సుమారు 30 మందికి ఇట్టి దిగులు పట్టును. అంగవైకల్య మెక్కువైనవారికిని, మాట పోయినవారికిని, పూర్వమే దిగులు వ్యాధి యెరిగినవారికిని, పలుకరించు దిక్కు లేనివారికిని ఈ భయ మధికము. ఇది వ్యాధియే గాని గుణదోషము కాదు. దీనికి మందు కలదు.

మరపు వేరొక చిక్కు. విత్తనపు కొలత మరచుట, బాకీ లెక్క తప్పుట, తెలిసిన డొంకలోనే దారి తప్పుట దీని గుర్తులు. ముదిమి, రక్తపుపోటు, మధుమేహము, గుండె లయ తప్పుట దీనిని పెంచును. అన్నిటికంటె చెడ్డది రెండవమారు వచ్చు పక్షవాతము. నడక వచ్చినది గదా యని రక్తపుపోటు మాత్రలు మానువారు దానిని చేజేతుల పిలుచుకొనుచున్నారు. దిగులు సైతము బుద్ధిని మందగింపజేయును. కావున మరపు కనబడినచో వైద్యునితో రెంటిని గూర్చియు చెప్పవలెను.

పై రైతును పట్టణమున వైద్యునికి చూపిరి. ఇప్పు డాతడు సాయంకాలము సంఘము అరుగుపై కూర్చుండి, ఎడమచేత సంతకము నేర్చుకొనుచున్నాడు.