ఊరి ఆట నిలుచుట ఎట్లు?

గ్రామమున ఆటస్థలము వెలసిన దినమున తోరణములు కట్టుదుము. పెద్దలను పిలిచి ప్రారంభోత్సవము జరుపుదుము. ఆరు మాసములు గడచునప్పటికి అచట పల్లేరు మొలచుటయో, ఎవరో ధాన్యము ఆరబోయుటయో అనేక గ్రామములలో మనము చూచుచునే యున్నాము. 2022లో తెలంగాణమున గ్రామగ్రామమునను క్రీడా ప్రాంగణముల నిర్మాణము చేపట్టబడినది. స్థలము చూపుట ఒక పని. అచటికి నిత్యము జనము వచ్చునట్లు చూచుట మరియొక పని. ఈ రెండవ పనిని గూర్చి బాల్ బ్యాడ్మింటన్ ఆటను దృష్టాంతముగా గైకొని విచారింతము.

ఈ ఆట 19వ శతాబ్దమున తంజావూరులో పుట్టినది. దీని జాతీయ సమాఖ్య 1954లో ఏర్పడినది. వరంగల్లు నివాసియైన జమ్మలమడక పిచ్చయ్యగారు ఈ ఆటలో అర్జున పురస్కారమందిరి. నూరేండ్లు దాటి జీవించి 2021లో కీర్తిశేషులైరి.

టెన్నిస్ కోర్టులో ఒకేసారి నలుగురికి మించి ఆడజాలరు. ఇందు జట్టుకు ఐదుగురు చొప్పున పదిమంది ఆడుదురు. చదును చేసిన మట్టినేల చాలును. కోర్టు పొడవు 24 మీటర్లు, వెడల్పు 12 మీటర్లు. నెట్ ఎత్తు సుమారు 6 అడుగులు. ఉదయ సాయంకాలములందు ఎండ కంటబడకుండుటకై పొడవును ఉత్తర దక్షిణములుగా నుంచవలెను. ఉన్నిబంతి తేలికైనది గనుక గాలి లేని వేళ ఆడుట మేలు.

ఇక ఆడువారు క్రమముగా తగ్గిపోవుటకు కారణములను, వాని నివారణములను చూతము.

1. ఓడిన జట్టు వైదొలగవలెనను నియమము పలుచోట్ల కలదు. దీనివలన అభ్యాసము ఎవరికి ఎక్కువ అవసరమో వారికే ఆట తక్కువగును. కొత్తవాడు బంతులు ఏరియిచ్చి, నాలుగు దినములలో మానుకొనును. కావున ఆట ముగియగనే ఇరు జట్లలోను కొందరు మారవలెను. ప్రతి జట్టునందును ఇద్దరు కొత్తవారుండవలెను.

2. మగవారు ఆడగా మిగిలిన వేళను బాలికలకిచ్చిన యెడల వారు రారు. వెలుగుండగనే వారికొక నిర్ణీత సమయము కేటాయించి, దానిని ఎవరి కొరకును మార్పరాదు.

3. ఆట ఒక్క ఉత్సాహవంతునిపై ఆధారపడిన యెడల, అతడు బదిలీయైనప్పుడు నెట్ కూడ మూలబడును. ప్రతి వాడనుండి ఒకరు చొప్పున, స్త్రీలు కూడ నుండునట్లు చిన్న సంఘమును ఏర్పరుపవలెను. నెట్, బ్యాట్లు, బంతులు పంచాయతీ సొత్తుగా నుండవలెను. బంతులు అరిగిపోవును గనుక, ఏటేట కొంత సొమ్ము కేటాయింపవలెను.

4. జట్లను వాడల వారీగా గాని, పక్షముల వారీగా గాని కూర్పరాదు. చీట్లు వేసి విభజింపవలెను. ఎన్నికలలో ఎదురెదురుగా నిలిచిన ఇండ్ల పిల్లలు ఒకే నెట్‌కు ఒకే వైపున నిలిచినచో, పెద్దల నడుమ మాటలు కలియుటకు కూడ అది దారియగును.

హాజరుపట్టికను మూడు మాసముల కొకసారి పంచాయతీ సమావేశమున చదువవలెను. ఊరికెన్ని కప్పులు వచ్చెనను లెక్క తరువాత చూచుకొందము. నిరుడు వచ్చినవారిలో ఈ యేడు ఎందరు వచ్చుచున్నారు, మానినవారు ఏల మానిరి అనునవి ముందు అడుగవలసిన ప్రశ్నలు. మానినవారి ఇంటికి ఒక సభ్యుడు స్వయముగా వెళ్లి విచారించిన యెడల వారిలో కొందరైన తిరిగి వత్తురు. ఆటస్థలమును కాపాడుటకు కంచెకంటె అచట నిత్యము మెదలు జనమే ముఖ్యము.