ఆ ఒక్క కేజీ యాడికి పోయింది? లూపులు, అర్రే మెథడ్లు

ముందే చెప్తున్నా, నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఒత్తులు తప్పితే సర్దుకోండి.

మ్యాప్, ఫిల్టర్, రెడ్యూస్ అంటే ఏంటని అడిగితే మన బ్యాచ్‌లో చాలామంది చెప్పేస్తారు. ల్యాబ్ ఎగ్జామ్‌లో నేనూ రాశా, మార్కులు కూడా వచ్చాయి. కానీ పోయిన ఫిబ్రవరిలో నేను రాసిన ఒక్క లైను రెడ్యూస్ వల్ల మా ఊళ్లో ఒక మనిషిని దొంగ అనేదాకా వచ్చింది. జావాస్క్రిప్ట్‌లో లూపుల గురించి ఆ రోజు నేర్చుకున్నంత నేను క్లాసులో నేర్చుకోలేదు. అందుకే ఈ వ్యాసం.

మాది కోయిలకుంట్ల. నల్లరేగడి నేల, పప్పుశనగ పంట. ఎక్కువమంది వేసేది జేజీ-11 రకం. అక్టోబర్ ప్రాంతంలో విత్తితే జనవరి ఆఖరు, ఫిబ్రవరికల్లా నూర్పిడి అయిపోతుంది. మాకు కొనే వ్యాపారి కల్లం దగ్గరికే కాటా తెచ్చి మూట మూట తూకం వేస్తాడు. గోనె సంచి బరువు, తరుగు కలిపి మూటకు ఒక కేజీ తీసేస్తాడు. మిగిలిన దానికే డబ్బులు. నాయన ఒక్కో మూట బరువు నోట్‌బుక్కులో రాసుకుంటాడు, వ్యాపారి చివర్లో మొత్తం వేసి చీటీ ఇస్తాడు.

వీకెండ్‌కి ఇంటికి పోయినప్పుడు నాయన నోట్‌బుక్కు నా ముందర పెట్టి, "కంప్యూటర్ సదువుతుండావు గదా, ఇది కూడి సూడు" అన్నాడు. అది చూసి మా వీధిలో వాళ్లు కూడా వాళ్ల చీటీలు తెచ్చారు. మొత్తం పదకొండు ఇళ్లు.

ఇక్కడ కోడ్ కూడా తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నా. మీరు కన్సోల్‌లో కొట్టేటప్పుడు ఫర్, లెట్, రెడ్యూస్ లాంటివి ఇంగ్లీష్‌లో కొట్టండి. మూట, మొత్తం అనే వేరియబుల్ పేర్లు మాత్రం తెలుగులోనే ఉంచొచ్చు, జావాస్క్రిప్ట్ ఒప్పుకుంటుంది. (నమ్మకపోతే ట్రై చేయండి, నేనూ మొదట నమ్మలేదు.)

చిన్న ఉదాహరణ తీసుకుందాం. మూడు మూటలు: 51, 50, 52 కేజీలు.

లెట్ మూటలు = [51, 50, 52];

నేను రాసింది ఇది:

మూటలు.రెడ్యూస్((మొత్తం, మూట) => మొత్తం + (మూట - 1))

చూడ్డానికి బాగుంది కదా. ఒక్క లైను. మొత్తానికి ఒక్కో మూటలోంచి కేజీ తీసి కలుపుతూ పోతుంది అనుకున్నా. పదకొండు నోట్‌బుక్కులూ ఎక్కించి రన్ చేస్తే, ప్రతి ఇంటికీ నా లెక్క వ్యాపారి చీటీ కంటే సరిగ్గా ఒక కేజీ ఎక్కువ వచ్చింది. ఒక్కరికి తేడా వస్తే పొరపాటు అనుకుంటాం. పదకొండు మందికీ అదే ఒక్క కేజీ అంటే ఏమనుకుంటాం?

ఆ సీజన్‌కు కేంద్రం ప్రకటించిన శనగ మద్దతు ధర క్వింటాకు 5,650 రూపాయలు. ఆ లెక్కన కేజీ 56 రూపాయల 50 పైసలు. పెద్ద డబ్బేం కాదు. కానీ మా చిన్నాయనకు అది డబ్బు విషయం కాదు. "ఇన్నేండ్ల నుంచి నమ్మి పోస్తాండామే, అందరికీ కేజీ కేజీ కొట్టినాడా" అని అప్పుడే ఫోన్ తీసి వ్యాపారికి చేసేశాడు. నేను ల్యాప్‌టాప్ స్క్రీన్ అందరికీ చూపిస్తున్నా. కొంచెం గొప్పగానే ఉండింది, అబద్ధం ఎందుకు.

అప్పుడు మా అవ్వ, అరుగు మీద కూర్చుని అంతా వింటూ ఉన్నది, ఒక మాట అడిగింది. "ఆరు మూటలోళ్లకూ కేజీయే, నలభై మూటలోళ్లకూ కేజీయేనా? దొంగోడైతే ఎక్కువ ఉన్నకాడ ఎక్కువ తీస్తాడు గదరా."

నాకు ఒక్కసారిగా చెమటలు పట్టాయి. కాటాలో మోసం ఉంటే తేడా మూటల లెక్కతో పాటు పెరగాలి. పెరగడం లేదు. అంటే తేడా వచ్చేది మూటకు ఒకసారి కాదు, నోట్‌బుక్కుకు ఒకసారి. అలా నోట్‌బుక్కుకు ఒకసారి మాత్రమే జరిగే పని నా కోడ్‌లోనే ఉంది.

రెడ్యూస్‌కి మనం రెండు ఇవ్వొచ్చు. ఒకటి ఫంక్షన్, రెండోది మొదలుపెట్టాల్సిన విలువ. ఆ రెండోది ఇవ్వకపోతే అది అర్రేలో మొదటి విలువనే 'మొత్తం'గా తీసేసుకుని, రెండో విలువ నుంచి ఫంక్షన్ నడుపుతుంది. మొదటి మూట ఫంక్షన్ లోపలికి 'మూట'గా రానే రాదు. చేత్తో వేసి చూడండి:

మొదలు: మొత్తం 51 (తరుగు తీయలేదు!)
రెండో మూట: 51 + 49 = 100
మూడో మూట: 100 + 51 = 151

రావాల్సింది 50 + 49 + 51, అంటే 150. మొదటి మూట తరుగు తప్పించుకుంది. ఆరు మూటలున్నా నలభై ఉన్నా మొదటి మూట ఒక్కటే కాబట్టి అందరికీ ఒకే కేజీ.

సరిచేయడానికి రెండే క్యారెక్టర్లు పట్టాయి, ఒక కామా, ఒక సున్నా:

మూటలు.రెడ్యూస్((మొత్తం, మూట) => మొత్తం + (మూట - 1), 0)

ల్యాబ్‌లో ఇది ఎందుకు దొరకలేదంటే, అక్కడ అందరం 1 నుంచి 5 దాకా అంకెలు కూడతాం. ఊరికే కూడేటప్పుడు సున్నా ఇచ్చినా ఇవ్వకపోయినా ఆన్సర్ ఒకటే. విలువను కలిపే ముందు దానికి ఏదైనా చేయాల్సి వచ్చినప్పుడే తేడా బయటపడుతుంది. ఇంకోటి, అర్రే ఖాళీగా ఉండి మొదలు విలువ ఇవ్వకపోతే రెడ్యూస్ టైప్‌ఎర్రర్ ఇస్తుంది. సున్నా ఇస్తే మర్యాదగా సున్నా ఇస్తుంది.

ఇదే పని మామూలు లూపుతో రాసి ఉంటే ఈ తప్పు నాకు వచ్చేది కాదు:

లెట్ మొత్తం = 0;
ఫర్ (కాన్స్ట్ మూట ఆఫ్ మూటలు) {
  మొత్తం = మొత్తం + (మూట - 1);
}

మొదటి లైన్‌లోనే 'మొత్తం సున్నా నుంచి మొదలు' అని మనమే రాస్తాం. అది మర్చిపోతే పని జరగదు. పాత పద్ధతి ఫర్ లూపులో, ఐ అనే ఇండెక్స్‌తో రాసేదాంట్లో, ఇంకో రకం తప్పు ఉంది. లెంగ్త్ కంటే తక్కువ అని రాయాల్సిన చోట 'తక్కువ లేదా సమానం' అని రాస్తే, లేని మూట కోసం వెళ్తుంది. అక్కడ అన్‌డిఫైన్డ్ దొరుకుతుంది, దాంట్లోంచి ఒకటి తీస్తే నాన్, మొత్తం కూడా నాన్. కనీసం అది అరిచి చెప్తుంది. నా తప్పు మాత్రం నోరు మూసుకుని కూర్చుంది.

అలాగని మెథడ్లు వద్దని కాదు. ఫర్ఈచ్, మ్యాప్, ఫిల్టర్, రెడ్యూస్ 2009 డిసెంబర్‌లో వచ్చిన ఎక్మాస్క్రిప్ట్ 5 నుంచి స్టాండర్డ్‌లో ఉన్నాయి. పైన రాసిన ఫర్-ఆఫ్ లూపు 2015లో వచ్చింది, అంటే మెథడ్ల కంటే అదే చిన్నది. నేను ఇప్పుడు ఆ లెక్కను ఇలా రాస్తున్నా:

మూటలు.మ్యాప్(మూట => మూట - 1).రెడ్యూస్((మొత్తం, మూట) => మొత్తం + మూట, 0)

తరుగు తీయడం ఒక పని, కూడటం ఇంకో పని. మ్యాప్ ఎన్ని ఇస్తే అన్ని తిరిగి ఇస్తుంది, కాబట్టి మధ్యలో ప్రింట్ చేసి నాయన నోట్‌బుక్కుతో వరసగా పోల్చుకోవచ్చు. మ్యాప్‌లో బాణం తర్వాత ఫ్లవర్ బ్రాకెట్ పెడితే రిటర్న్ కూడా రాయాలి, లేకపోతే అన్నీ అన్‌డిఫైన్డ్‌లే. ఫిల్టర్ సంగతి సులువు, నిజం వచ్చినవి ఉంచి మిగతావి వదిలేసి కొత్త అర్రే ఇస్తుంది, పాతదాన్ని ముట్టుకోదు.

ఫర్ఈచ్‌తో నాకు పడదు. అది ఏమీ తిరిగి ఇవ్వదు, మధ్యలో బ్రేక్ చేయనివ్వదు. రిటర్న్ రాసినా ఆ ఒక్క మూటకే ఆగి తర్వాతి మూటకు పోతుంది. నోట్‌బుక్కులో ఎక్కడైనా 50ని 500 అని కొట్టానేమో వెతకాలంటే, మొదటిది దొరకగానే ఆగిపోయే ఫైండ్ వాడతా.

సార్ట్ ఇంకా పెద్ద గండం. చివర్లో మిగిలిన శనగలతో కట్టిన మూట 9 కేజీలే ఉండొచ్చు. ఊరికే సార్ట్ అంటే అది అంకెల్ని కూడా స్ట్రింగులుగా పోలుస్తుంది. '5' కంటే '9' పెద్దది కాబట్టి 50 ముందు, 9 చివర. కాబట్టి (అ, ఆ) => అ - ఆ అని మనమే చెప్పాలి. పైగా అది అసలు అర్రేనే తారుమారు చేస్తుంది, నోట్‌బుక్కు వరస పోతుంది. పాతది అలాగే ఉండాలంటే 2023లో వచ్చిన టుసార్టెడ్ ఉంది.

ఆ రోజు కామా, సున్నా పెట్టి మళ్లీ రన్ చేస్తే పదకొండు చీటీలూ పైసాతో సహా సరిపోయాయి. చిన్నాయన నా వైపు చూడకుండా మళ్లీ ఫోన్ తీసుకుని బయటికి పోయాడు. ఏం మాట్లాడాడో నాకు తెలీదు, అడగలేదు కూడా. తర్వాతి వారం వ్యాపారి ఇంకో కల్లంలో కాటా పెట్టి ఉంటే నేనే పోయి, తప్పు నాదని చెప్పా. ఆయన మూట దించుతూనే, "మొదటి మూట తరుగు మరిచిపోయినావంట గదా. మా పిల్లోడు కొత్తలో అట్లే రాసేవాడులే" అన్నాడు.